ఐదో చెట్టు ఒప్పుకోలేదు

1999 డిసెంబరు 1, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మా నాయన బోరు మోటారు ఆపి, స్టార్టరు డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ నిమిషం నుంచి మా తోటలోని నూట పన్నెండు చీనీ చెట్లకు నీళ్లు లేవు. కోస్తా వారు బత్తాయి అనే పండునే మేము చీనీ అంటాము. నీళ్లు ఉండి కూడా పెట్టకుండా చెట్టును ఎండబెట్టడాన్ని బెట్ట పెట్టడం అంటాము. వాన కోసం మనిషి ఆకాశానికి దండం పెట్టే అనంతపురం నేల మీద, చేతిలో ఉన్న నీటిని పనిగట్టుకుని ఆపే రైతును చూస్తే బయటివారికి మతి పోతుంది. కానీ చీనీ చెట్టు సుఖంగా ఉన్నంత కాలం ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, పూత మాట ఎత్తదు. ప్రాణం మీదికి వచ్చిందని దానికి తోచాలి. తోచిన తరువాత సమయం చూసి నీళ్లు వదిలితే ఒళ్లంతా పూస్తుంది. ముందు వదిలితే ఆకే గాని పూవు ఉండదు. మరీ ఆలస్యమైతే చెట్టే ఉండదు.

పోయిన నెల మా చిన్నాయన కొడుకు తన కొత్త తోట చూపించడానికి నన్ను పిలిచాడు. చెట్టు మొదట్లో ఒక ఇనుప సూది గుచ్చి ఉంది. మట్టిలో తడి ఎంత ఉన్నదీ అది కొలిచి అతని ఫోనుకు కబురు పంపుతుందట. "ఇంక లెక్క తప్పే మాటే లేదక్కా" అన్నాడు. నేను ఆ సూదిని చూశాను, దాని నుంచి వంటింటి వెనుక తలుపు దాకా అడుగులు వేసి కొలిచాను. పద్నాలుగు అడుగులు. "మీ ఇంట్లో ముసలోళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగాను. ఇరవై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి చెప్పి అక్కకు ఏదో అయిందన్నట్టు అతడు జాలిగా చూశాడు. ఇంటికి వచ్చి అటక మీది పెట్టె దించి, ఆ ఏటి నోటుబుక్కు వెతికి తీశాను.

అప్పటికి వరుసగా రెండేళ్లు మా తోట పూయలేదు. మొదటి ఏడు బెట్ట మధ్యలో ముసురు పట్టి మూడు రోజులు వాన కురిసింది. రెండో ఏడు నాయన జ్వరంతో పడుకుంటే, చిన్నాయన తొందరపడి ఏడు రోజులు ముందే మోటారు వేశాడు. తప్పు తనదైనా దానిని చెట్ల మీదికి నెట్టాడు. "ఈ చెట్లకు కొవ్వు పట్టినాదన్నా. కొట్టేసి శనక్కాయ ఏసుకుందాం" అని పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి అనేవాడు. భూమి ఇద్దరిదీ. చివరకు అన్నదమ్ములు ఒక మాటకు వచ్చారు. ఈసారి పూత రాకపోతే ఉగాది లోపల తోట కొట్టేయాలి. నాయన ఆ చెట్లను మొక్కలుగా ఉన్నప్పుడు, బోరు పడకముందు, వంక అవతలి బావి నుంచి కావడితో నీళ్లు మోసి బతికించాడు. ఒప్పందం కుదిరిన రోజు ఆయన అన్నం దగ్గర కూర్చుని, రెండో ముద్ద కలిపి, తినకుండా లేచాడు.

నాయన ఆ తరువాత చేసిన పని నన్ను ఇరుకున పెట్టింది. టీ కొట్టు దగ్గర పదిమంది ముందు, "ఈ తూరి నా లెక్క కాదప్పా, నా బిడ్డ లెక్క. డిగ్రీ సదువుతాంది. ఎప్పుడు నీళ్లు ఇడవల్లనో అదే పుస్తకం సూసి చెప్తాది" అని ప్రకటించి వచ్చాడు. నాకు పంతొమ్మిదేళ్లు. రోజూ ఏడూ యాభై బస్సుకు కాలేజీకి పోయి వచ్చేదాన్ని. ఆ నెలలోనే మాకు వృక్ష హార్మోనుల పాఠం అయింది. వేరుకు తడి అందకపోతే ఆబ్సిసిక్ ఆమ్లం అనేది పుట్టి, నీరు పారే నాళాల గుండా ఆకుకు ఎక్కుతుందని, ఆ కబురు అందగానే ఆకు తన సూక్ష్మరంధ్రాలను మూసుకుని, ఉన్న తేమను దాచుకుంటుందని మా అధ్యాపకుడు చెప్పాడు. చిగురును సాగదీసే జిబ్బరెల్లిన్ అప్పుడు తగ్గుతుంది. చీనీ జాతిలో పూతకు అడ్డం పడేది అదే గనుక, అది తగ్గితే మొగ్గ పూవు వైపు మొగ్గుతుంది. అంటే మా నాయన, తాత, ఊరి వాళ్లందరూ పేరు తెలియకుండా నడిపిస్తున్న ఒక రసాయనపు తపాలా గురించి నాకు పేర్లతో సహా తెలిసిపోయింది. పంతొమ్మిదేళ్లకు అంత తెలివి ప్రమాదకరం.

పేర్లు లేకుండానే అదంతా తెలిసిన మనిషి ఇంట్లో ఇంకొకరు ఉన్నారు. మా అవ్వ, అంటే నాయన తల్లి. పచ్చి సీతాఫలాలను రాగుల గాదెలో పూడ్చేటప్పుడు వాటి మధ్య ఒక పండిన కాయను తప్పకుండా ఉంచేది. "ఒకటి పండితే పక్కదానికి చెప్తాది" అనేది. పండిన కాయ నుంచి వెలువడే ఇథిలీన్ అనే వాయువు పచ్చికాయలను పండిస్తుందని నేను తరువాత చదువుకున్నది ఆ మాటే. చిక్కుడు తీగ పందిరి దాటి ఎగబాకితే కొనను గోటితో తుంచి, "తల తుంచితే సంకలు లేస్తాయి" అనేది. కొనలో పుట్టే ఆక్సిన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుందని, కొన పోతే అవి లేస్తాయని చెప్పడానికి మా పుస్తకానికి పేజీన్నర పట్టింది. ఆమె చుట్టూ ఎప్పుడూ సంగటి ఆవిరి, వక్కాకు, పేడ కలిసిన ఒక వాసన ఉండేది. అంట్లు కడిగిన నీళ్లను, బియ్యం కడిగిన నీళ్లను వృథాగా పోనిచ్చేది కాదు. ఏ నీరు ఎటు పోతున్నదో ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఒక్క సంగతిని నేను నా లెక్కలో వేసుకోలేదు.

నా పద్ధతి ఇది. బెట్ట మొదలైన రోజే తోటలో అయిదు చోట్ల అయిదు చెట్లను ఎంచి, అవ్వ పాత ఎర్ర చీరను చించి గుర్తుగా ఒక్కొక్క పేలిక కట్టాను. ప్రతి ఉదయం ఎండ తగలకముందే ఒక్కొక్క చెట్టుకు పది ఆకులు చూసి, ముడుచుకున్నవి ఎన్నో రాసుకునేదాన్ని. పగటి ఎండకు ముడుచుకున్న ఆకు తెల్లారేసరికి విప్పుకుంటే చెట్టుకు ఇంకా ఓపిక ఉన్నట్టు. తెల్లారినా విప్పుకోకపోతే సమయం వచ్చినట్టు. పదింటిలో ఆరు ముడుచుకోవాలి. అయిదు చెట్లూ ఆరుకు చేరాలి, నాలుగు చేరితే చాలదు. ఈ చివరి షరతు పుస్తకంలో లేదు. నేనే కలిపాను. నాయన పద్ధతి వేరు. ఆయన ఒక ఆకు తుంచి, చెవి దగ్గర పెట్టుకుని, వేళ్ల మధ్య నలిపి వినేవాడు.

డిసెంబరు 24, శుక్రవారం ఉదయం నాయన ఆకు నలిపి, తల ఊపాడు. "పలుకుతాండాది. చాలు పాపా, మోటరు ఎయ్యల్ల" అన్నాడు.

నేను నోటుబుక్కు తెరిచాను. ఒకటో చెట్టు ఏడు, రెండు ఆరు, మూడు ఎనిమిది, నాలుగు ఆరు. ఇంటి వెనుక ఆఖరు వరుసలో ఉన్న ఐదో చెట్టు సున్న.

"ఐదో చెట్టు ఇంకా ఒప్పుకోలేదు నాయనా."

"ఒప్పుకోలేదా? దాన్ని పంచాయితీకి పిలిస్తివా?"

"ఒక్కటి తక్కువైనా ఆగల్ల. లెక్కంటే లెక్కే."

ఆయన తాళంచెవిని వేళ్లతో తిప్పుతూ కాసేపు నిలబడ్డాడు. టీ కొట్టు దగ్గర అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. "సరే, నీ లెక్క" అని వెళ్లిపోయాడు. 25న ఐదో చెట్టు సున్న. 26న సున్న. 27న మిగతా నాలుగూ తొమ్మిదికి ఎక్కి, మెరక మీది రెండో వరుసలో ఆకులు అంచుల్లో మాడసాగాయి. ఐదోది మాత్రం పెళ్లికూతురిలా నిగనిగలాడింది. చిన్నాయన పళ్లు తోముకుంటూ వచ్చి చూసి, "ఏమ్మా లెక్కల టీచరూ, చెట్లు పరీక్ష రాస్తాండాయా, రాసి పోయినాయా?" అన్నాడు. ఆ రోజు నాయన తాళంచెవి మొలతాడుకు లేదు, చేతిలోనే ఉంది.

28, మంగళవారం. రోజూ ఆరుంబావుకు పోయేదాన్ని అయిదూ యాభైకే టార్చిలైటు పట్టుకుని పోయాను. చీమలు బారులు తీరి ఐదో చెట్టు మొదటికి పోతున్నాయి. అన్ని రోజులూ నేను పైకి చూశాను గాని కిందికి చూడలేదు. ఎండాకులు పక్కకు తీస్తే కింద సంగటి పలుకులు, చింతపండు పిప్పి కనిపించాయి. వేలు గుచ్చితే రెండు కణుపుల దాకా తడి. వెనుక నుంచి కడియాల చప్పుడైంది. అవ్వ చంకలో బిందెతో వచ్చి, నన్ను చూసి, దారి తప్పినదానిలా పక్కకు తిరిగింది.

"అవ్వా, ఆ బిందె ఎటు పోతాంది?"

"యాటికీ పోలే. ఊరికే మోస్తాండా."

"ఎన్నాళ్లనుంచి ఊరికే మోస్తాండావు?"

అవ్వ బిందె దించి నడుం నిటారు చేసింది. దొరికిపోయిన తరువాత ఆమెకు భయం ఉండేది కాదు. "నువ్వు నా చీర సించి పేలిక కట్టినప్పటి నుంచే. మీ చిన్నాయన కొట్టేస్తాం కొట్టేస్తాం అంటాండె. నరికేదానికి గుర్తు పెట్టినావనుకుంటి. అయిదింటిలో నాకు అందేది ఇదొక్కటే. పచ్చగుంటే గొడ్డలి ఎత్తేదానికి చెయ్యి రాదులే అని పొద్దున ఒకటి, మాపట్ల ఒకటి పోస్తాండా."

చెట్టు మొదట్లో చతికిలబడి ఆమెకు పాఠం చెప్పాను. నీళ్లు లేవని వేరు ఆకుకు కబురు పంపుతుందని, ఆ కబురుతోనే చెట్టు పూతకు సిద్ధమవుతుందని, ఆ కబురును ఆమె బిందెతో మధ్యలోనే ఆపేసిందని చెప్పాను. అవ్వ శ్రద్ధగా విన్నది.

"అంటే సస్తానని తెలిస్తేనే పూస్తాదా?"

"అట్లే అనుకో."

ఆమె బిందె మీద చెయ్యి వేసి, "గంజి కరువులో నాకు మీ నాయన పుట్టె. అయితే ఆ కబురు నాకూ వచ్చింటాదిలే" అన్నది. నవ్వు ఆపుకోలేకపోయాను. మరుక్షణం మెరక మీది మాడిన వరుస కనిపించి నవ్వు ఆగింది.

నా ముందు రెండు దారులున్నాయి. నాయనతో నిజం చెప్పడం ఒకటి. చెప్తే, ఆయన చెవి 24నే సరిగ్గా విన్నదని, నా లెక్కే నాలుగు రోజులు ఆపిందని తేలుతుంది. రెండో దారి చిన్నది. నోటుబుక్కు తీసి, 28వ తేదీ వరుసలో, ఐదో చెట్టు గడిలో 6 అని వేశాను. అప్పటి నుంచి ఇప్పటి దాకా నింపిన డైరీలన్నిటిలో నేను తెలిసి రాసిన తప్పుడు అంకె అదొక్కటే. ఇంటి ముందుకు పరుగెత్తి, "ఒప్పుకుంది నాయనా, మోటరు ఎయ్యి" అని అరిచాను. ఆయన నోటుబుక్కు అడగలేదు. ఆరు గంటల పన్నెండు నిమిషాలకు నీళ్లు కాలువలో పడ్డాయి. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమీ ఎరుగనట్టు ఒక వక్క నోట్లో వేసుకుంది.

ఆ ఏడాది చివర కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పత్రికలు భయపెడుతున్న రోజులవి. జనవరి ఒకటిన అవి ఆగలేదు గాని మా తోట ఆకులు రాలిపోయాయి. బెట్టలో వేళ్లలో పేరుకున్న పదార్థం ఒకటి, నీరు అందగానే ఆ నీటితోపాటే పైకెక్కి ఇథిలీన్‌గా మారుతుంది. అది ఆకు కాడ మొదట కోత పెడుతుంది. అందువల్ల చీనీ చెట్టు ఎండినప్పుడు కాక నీళ్లు తాగాక ఆకు దులుపుతుంది. కొంత రాలడం నాయన ఎరిగినదే. ఇంత రాలడం ఆయనా ఎరగడు. నూట పదకొండు చెట్లు కట్టెపుల్లల్లా నిలబడితే, ఐదోది ఒక్కటే పచ్చగా ఉంది.

"సూడన్నా, మగ చెట్టంటే అది!" అన్నాడు చిన్నాయన. ఆ మాట ఊరు దాటింది. మూడో రోజు యాడికి అనే ఊరి వైపు నుంచి ఒక రైతు సైకిలు మీద వచ్చి, చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, కరువుకు తట్టుకునే జాతి దొరికిందని పొంగిపోయాడు. అంటు కట్టుకోవడానికి రెండు పుల్లలు అడిగాడు. "దీనికి ఏం మందు ఏసినారన్నా?" అంటే నాయన, "ఏమీ లేదప్పా, దాని గుణమే అంత" అన్నాడు. అవ్వ నా జబ్బ మీద గిచ్చింది. నేను ఆమె కాలు తొక్కాను. ఆ రైతు పుల్లలను తడిగుడ్డలో చుట్టుకుని, చంటిబిడ్డను మోసినట్టు తీసుకుపోయాడు. అవి బాగా కాచాయని, ఎండాకాలం నీళ్లు కూడా బాగానే తాగాయని చాలా ఏళ్లకు విన్నాను.

జనవరి 19, బుధవారం, ఒకటో చెట్టు కొమ్మ మీద మిరియపు గింజలంత తెల్లని మొగ్గలు లెక్కపెట్టాను. పదిహేడు. ఫిబ్రవరి మొదటి వారానికి తోటంతా తెల్లబడింది. ఇంట్లో మంచాలకు, మజ్జిగకు, నా నోటుబుక్కుకు సైతం చీనీ పూల వాసన పట్టింది. నాయన తోటలోకి చెప్పులు విప్పి పోయేవాడు. చిన్నాయన శనక్కాయ మాట ఎత్తడం మానేశాడు. మెరక మీది ఏడు చెట్లు మాత్రం చిగురించలేదు. గోటితో గీరితే బెరడు కింద గోధుమ రంగే కనిపించింది. ఐదో చెట్టు కొత్త ఆకులు వేసింది. ఒక్క పూవు లేదు.

మా వైపు కాయని చెట్టుకు గొడ్డలి చూపించే ఆచారం ఉంది. ఒకరు గొడ్డలి ఎత్తి, కాస్తావా, కొట్టమంటావా అని మూడుసార్లు అడుగుతారు. ఇంటి పెద్ద ముత్తైదువో ముసలమ్మో చెట్టు వెనక నిలబడి చెట్టుకు బదులుగా జవాబు చెప్తుంది. మూడోసారి ఒప్పుకోగానే గొడ్డలి వెనకవైపుతో మెల్లగా తట్టి, బొట్టు పెట్టి వదిలేస్తారు. ఫిబ్రవరి 13, ఆదివారం, ఉదయం పది గంటలకు ఐదో చెట్టు దగ్గర చేరాము. "నాటకమెందుకన్నా, గొడ్డుదాన్ని నిజంగానే కొట్టేద్దాం. మెరక మీది ఏడింటితో పాటు ఇదీ పోతాది" అన్నాడు చిన్నాయన. "అడిగి సూద్దాం. పలుకు బాగలేకుంటే కొట్టేద్దాం" అన్నాడు నాయన. గొడ్డలి ఆ ఉదయమే సాన పట్టినది. అవ్వ చెట్టు వెనక్కి పోయి నిలబడింది.

"ఏమే, కాస్తావా, కొట్టమంటావా?"

"కాస్తానప్పా, కొట్టొద్దు."

రెండోసారీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి నాయన ఆచారంలో లేని ప్రశ్న వేశాడు. "అన్ని చెట్లూ పూసె. నీకొక్కదానికే ఏమొచ్చినాదే?"

చెట్టు వెనక కడియాలు చప్పుడయ్యాయి. తరువాత అవ్వ గొంతు, చెట్టు గొంతుగానే, గట్టిగా పలికింది. "నాకేం రోగంరా? పూసేదాన్నే. మీ యమ్మ దినానికి రెండు బిందెలు నీళ్లు పోసి చెరిపింది."

గొడ్డలి ఎత్తినచోటే ఆగింది. చిన్నాయన నోరు తెరిచాడు. నాయన తల్లి వైపు తొంగి చూడలేదు, చెట్టునే అడిగాడు. "ఎన్నాళ్లు పోసింది?"

"బెట్ట పెట్టినప్పటి నుంచీ. నీ కూతురికీ తెల్సు. దాన్నడుగు, లెక్క దాని కాడ ఉండాది."

ఒంటరిగా దెబ్బలు తినే ఉద్దేశం ఆ చెట్టుకు లేదని నాకప్పుడు తెలిసింది. ఇంట్లోకి పోయి నోటుబుక్కు తెచ్చి, 28వ తేదీ పేజీ తెరిచి, 6 మీద వేలు పెట్టాను.

"నేను చాలంటి ఎప్పుడు?"

"ఇరవై నాలుగు."

నాయన వేళ్లు మడిచి లెక్కపెట్టి, మెరక వైపు చూశాడు. "నాలుగు దినాలు" అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. చిన్నాయన, "నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా..." అని మొదలుపెట్టాడు. "నువ్వు పోయినేడు ఏడు దినాలు ముందే ఇడిస్తివి. నువ్వు మాట్లాడొద్దప్పా" అని నాయన ఆపాడు. తరువాత నా వైపు తిరిగాడు. తిడతాడని, ఇక పుస్తకం ముట్టుకోవద్దంటాడని ఎదురుచూశాను. "ఆ ఆరు కొట్టేసి సున్న ఎయ్యి" అన్నాడు. కొట్టేసి, పక్కన సున్న వేసి, పది గంటల ఇరవై నిమిషాలు అని రాశాను. ఆయన గొడ్డలి వెనకవైపుతో చెట్టును మూడుసార్లు తట్టాడు. అవ్వ బొట్టు పెట్టింది.

అక్కడి నుంచి అందరం మెరక మీదికి పోయాము. ఎండిన ఏడు చెట్లను నాయన తానే కొట్టాడు, తమ్ముడి చేతికి గొడ్డలి ఇవ్వలేదు. ప్రతి చెట్టు పడగానే, "రాసుకో" అనేవాడు. అవ్వ మూడో మోడు పక్కన కూర్చుని, దాని మొదట్లో మట్టిని అరచేత్తో సర్దుతూ, "ఇంకొక బిందె ఉంటే ఈటికీ పోసుందును" అన్నది. నాయన గొడ్డలి ఆపి ఆమెను చూశాడు. కోపమో నవ్వో ఆ ముఖంలో నాకు తెలియలేదు. ఆ తరువాతి ఏళ్లలో ఆయన ముందు ఆకును చెవి దగ్గర నలిపి, ఆ తరువాత నా లెక్క అడిగేవాడు. రెండూ కలిసేదాకా మేమిద్దరం పోట్లాడుకునేవాళ్లం. బెట్ట మొదలైన రోజు ఇంట్లోని బిందెలన్నీ నేను లెక్కపెట్టేదాన్ని.

చెట్లు కొట్టిన ఆ సాయంత్రం అయిదు గంటలకు లెక్క తేల్చాను. మొత్తం చెట్లు నూట పన్నెండు. నీళ్లు లేని రోజులు ఇరవై ఏడు. అందులో నా వల్ల పెరిగినవి నాలుగు. అవ్వ పోసినవి, రోజుకు రెండు చొప్పున, యాభై నాలుగు బిందెలు. పూసిన చెట్లు నూట నాలుగు. ఎండినవి ఏడు. ఐదో చెట్టును ఏ వరుసలో వేయాలో తెలియక, నులకమంచం మీద కూర్చున్న నాయనను అడిగాను.

"ఉండేదాంట్లోనే రాసుకో" అన్నాడు.

పోయినవి ఏడు. మిగిలినవి నూట అయిదు.